తొంబది నిమిషముల తీరిక

ఇష్టమైనదానిని దూరమునుండి ప్రేమించుటలో ఒక విధమైన వేదన కలదు. పూర్వము కాపురమునకు పోయిన కూతురి జాబు కొఱకు వీథిగుమ్మమున నిలిచి తపాలా బంట్రోతు రాకకై ఎదురుచూచిన తల్లులు ఆ వేదన నెఱుగుదురు. జాబు రాకున్నను చింతయే. వచ్చిన జాబులో రెండే వాక్యములున్నను చింతయే. అట్టిదే అయి, అంతకంటె మిక్కిలి చిన్నదైన వేదన నొకదానిని గూర్చి సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి. అది ఫుట్‌బాలు ఆటను అంతర్జాలము ద్వారా విడువక వెంబడించు అభిమానుల వేదన. పేరు వినగానే కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వినను దోషము లేదు. తుదివఱకు చదివిన పిమ్మట, ఇది బంతిని గూర్చిన మాట మాత్రమే కాదని వారికే తోచగలదు.

మేమనగా మా యింటి స్త్రీలము ముగ్గురము: ఈ వ్యాసము వ్రాయుచున్న యిల్లాలు, మా తోడికోడలు, కళాశాలలో చదువుచున్న ఆమె కూతురు. మా కాపురము సికింద్రాబాదులో. ఈ ఆట మా యింటికి నిన్న మొన్న వచ్చిన వేడుక కాదు. మా మామగారు బ్రదికియున్న కాలమున భోజనముల వేళ రహీముగారి ప్రసక్తి రాని దినము అరుదు. ఉపాధ్యాయుడుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దిరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకములు పొందెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. ఆ మెల్‌బోర్న్, జకార్తా జట్లలో ఆడిన తులసీదాస్ బలరాముగారు మా సికింద్రాబాదువారే. ఆ దినములలో ఆట చూడగోరినవారు ఆటస్థలమునకు పోయిరి. పోయినవారిలో ఆడువారెందఱో మా మామగారు ఎన్నడును చెప్పలేదు.

నేడు ఆటస్థలమే మన అఱచేతిలోనికి వచ్చినదని అందఱును సంతోషింతురు. మేమును సంతోషించితిమి. వంటింటి గట్టుమీద ఫోనును పప్పుడబ్బాకు ఆనించి నిలిపినచో, లండనులోని పచ్చిక మన పోపులపెట్టె ప్రక్కనే పఱచుకొనును. గడప దాటక, టిక్కెట్టు కొనక, ఎవరి అనుమతియు వేడక ఆట చూడవచ్చును. ఇంత సదుపాయము కలిగిన పిమ్మట ఇంక విచారమెందుకని అడుగుదురేమో. ఆ చిక్కులనే యొకటొకటిగా మనవి చేయుచున్నాము.

మొదటి చిక్కు గడియారముతో. యూరపు ఖండములోని మేటి క్లబ్బులు పోరాడు ఛాంపియన్స్ లీగు ఆటలలో పెక్కు అక్కడ రాత్రి 9 గంటలకు మొదలగును. అప్పుడు మనకు వేసవిలోనైన రాత్రి 12.30, చలికాలమునైన 1.30. అక్కడివారు ఏటేట గడియారములను ఒక గంట ముందునకు వెనుకకు జరుపుకొందురు. మనము జరుపము గనుక ఈ భేదము. ఆట ముగియునప్పటికి తెల్లవారుజాము సమీపించును. ఐదింటికి పాలపొట్లము గుమ్మమునకు వచ్చును. ఆఱింటికి డబ్బాలలో అన్నము సర్దవలెను. ఇంటిలోని మగవారు ఆట చూచి మఱునాడు ప్రొద్దెక్కి లేచిరేని, ‘పాపము, రాత్రి నిద్ర లేదు’ అని యిల్లంతయు అడుగుల చప్పుడు తగ్గించుకొనును. ఇల్లాలు అట్లే మేలుకొనినచో, కాఫీలో చక్కెర తక్కువైనను ఆ నెపము ఫుట్‌బాలు మీదికే పోవును. మేలుకొనుట యొక్కటియే, దానికి ఇంటిలో దొరకు మన్నన మాత్రము రెండు విధములు.

రెండవ చిక్కు ఆలస్యము. ఆలస్యమువలన అమృతమును విషమగునని పెద్దలందురు. ఆ మాట అంతర్జాల ప్రసారమునకు చక్కగా సరిపోవును. దానికి ప్రత్యక్ష ప్రసారమని పేరే గాని, అది నిజముగా ప్రత్యక్షము కాదు. కెమెరా పట్టిన బొమ్మను యంత్రములు మొదట కుదించి, కొన్ని సెకండ్ల ముక్కలుగా కోసి, ఒకదాని వెంట నొకటిగా పంపును. మన ఫోను ఆ ముక్కలను కొన్నింటిని కూడబెట్టుకొనిన పిమ్మట గాని చూపనారంభింపదు. నడుమ దారి మందగించినను బొమ్మ ఆగిపోకుండుటకై చేసిన జాగ్రత్త యది. కుళాయి ఎప్పుడాగునో యని మనము బిందె నింపి యుంచుకొనినట్లు. ఈ కుదించుట, కోయుట, కూడబెట్టుట అన్నియు కలసి అర నిమిషమో, అంతకు మించియో వెనుకబాటు కలుగును. ఫలితము తెలుపు అక్షరములకు ఇంత బరువు లేదు గనుక అవి ముందే పరుగెత్తి వచ్చును. మా బొమ్మలో ఆటగాడింకను బంతిని త్రోయుచు మైదానపు నడుమనే యుండగా, ఫోను పైభాగమున ‘గోలు’ అను మాట దిగును. లేదా, మాకంటె వేగమైన ప్రసారము గల ప్రక్కింటినుండి పెద్ద కేక వినవచ్చును. ఆ కేక సంతోషముదో దుఃఖముదో గుర్తించుటలో మా అమ్మాయి ఇప్పుడు మంచి నేర్పరి.

మహాభారతములో సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధమంతయు కన్నులకు కట్టినట్లు చెప్పెనని మనకందఱకు తెలియును. కాని ఆయన చెప్పిన వరుసను ఒకసారి తలచుకొనుడు. పదవ దినమున రణభూమినుండి వచ్చి మొట్టమొదట పలికినది భీష్ముడు పడిపోయెనను మాట. మొదటి దినపు కథ ఆ తరువాతనే. ద్రోణుని విషయమునను, కర్ణుని విషయమునను అంతే; ముందు పతనము, పిదప పోరాటము. కొడుకుల పక్షము దెబ్బతినినదని విని, ఆ పిమ్మట ఆ పక్షము చెలరేగి పోరాడిన ఘట్టములను గూడ వినవలసివచ్చిన ఆ గ్రుడ్డిరాజు మనస్సు ఎట్లుండెనో, ఫలితము ముందుగా తెలిసిన ఆటను చూచు అభిమానులకు కొంత తెలియును. మన జట్టు ముందుకు దూసుకొనిపోవుచుండును. ఆ బంతి గోలు పైనుండి పోవునని మనకు ముందే తెలిసియుండును. ఆశ పడుటకు చోటుండదు. ఆశ లేని చూపునకు ఆటలో రుచి లేదు.

మూడవ చిక్కు, వచ్చిన సంతోషమును వచ్చినప్పుడే అనుభవింప వీలు లేకుండుట. 2018లో రష్యాలో జరిగిన ప్రపంచ కప్పునాటినుండి, తెరలముందు కూర్చున్న సహాయక అధికారులు ముఖ్యమైన తీర్పులను బొమ్మలలో మరల పరీక్షించు పద్ధతి పెద్ద పోటీలలో వ్యాపించినది. ఆ పద్ధతి మంచిదే. అన్యాయపు గోళ్ళు తగ్గినవి. కాని బంతి వలలో పడినను మనము చేతులు తట్టుటకు లేదు. దేవుడు వరమిచ్చినను పూజారి ఇయ్యవలెను. ఇల్లలుకగానే పండుగ కానట్లు, వల కదలగానే గోలు కాదు. ఆటస్థలములోనున్నవారికి రిఫరీ చెవిమీద చేయి పెట్టుకొనుట కనబడును. మాకు తెరమీద బొమ్మ నిలిచిపోయినపుడు, ఆగినది ఆటయో, మా ఫోనో తెలియదు. ముగ్గురము ఊపిరి బిగబట్టి ఒక చిన్న తిరుగుడు చుక్కను చూచుచు కూర్చుందుము.

ఇచ్చట ఆఫ్‌సైడను నియమమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. తనవాడు బంతిని తన్నిన క్షణమున, ఎదిరివారి భాగములోనున్న ఆటగాడు బంతికంటెను, ఎదిరివారిలో చివరినుండి రెండవ మనిషికంటెను గోలుగీతకు దగ్గరగా నిలిచి, ఆ పిమ్మట ఆటలో కల్పించుకొనరాదు. ఇంతే నియమము. పెండ్లి పంక్తిలో విస్తళ్ళు వేయకముందే వంటశాల వాకిట కాచుకొని కూర్చుండరాదనుట వంటిది. ఇది గ్రహించుటకు మీసములు అక్కఱలేదు. అయినను, స్త్రీ యెవతెయైనను ఫుట్‌బాలు చూచుచున్నదని తెలిసిన తోడనే, బంధువులలోనేమి అంతర్జాలములోనేమి, మగవారు మొదట అడుగు ప్రశ్న ఇదియే: ‘ఆఫ్‌సైడనగా నేమో చెప్పు చూతము.’ మా అమ్మాయి అంతర్జాలములో ఒక ఆటను గూర్చి తన అభిప్రాయము చెప్పినప్పుడు వచ్చిన సమాధానములలో, ఆటను గూర్చినవి రెండు. వంటింటికి పొమ్మన్నవి తొమ్మిది. ‘పెద్దమ్మా, నేను వంటింటిలోనుండియే చూచుచున్నానని వారికెట్లు తెలిసినది?’ అని నవ్వినది. నవ్వినదే గాని, నాటినుండి ఆమె తన పేరు బయటపెట్టక ఒక మగపేరుతో మాటలాడుచున్నది. ఆ పేరునకు మన్నన బాగుగానే దొరకుచున్నదట. మాకు ఆటలో కలిగిన ఏ ఓటమియు ఇంత బాధ పెట్టలేదు.

తీర్పుల చిక్కునకు ఒక నిదర్శనము. 2023 సెప్టెంబరు 30న లండనులో టాటెన్‌హామ్, లివర్‌పూల్ జట్లు తలపడినవి. మనకు రాత్రి పదింటి ఆట. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ బంతిని వలలో వేసెను. ఆఫ్‌సైడని గోలు నిరాకరింపబడెను. తెరముందున్న అధికారులు పరీక్షించి, ఆఫ్‌సైడు లేదని కనుగొనిరి. కాని మైదానములో గోలు ఇచ్చియే యున్నారను భ్రమతో, పరీక్ష ముగిసినదని మాత్రము చెప్పిరి. ఆట మరల మొదలైనది. న్యాయమైన గోలు లెక్కకు రాకుండ పోయినది. తప్పు జరిగినదని అధికారుల సంస్థయే పిదప ఒప్పుకొనెను. లివర్‌పూల్ 2-1 తేడాతో ఓడెను. మా తోడికోడలిది ఆ జట్టు పక్షము. మఱునాడు ఇడ్లీపిండి రుబ్బుచున్నంతసేపును ఆమె కోపము చల్లారలేదు. ‘తీర్పు సరిగా చేసికొని, దానిని సరిగా చెప్పకుండుట మా పుట్టినూరి పంచాయతీలో గూడ చూడలేదక్కా’ అనెను.

నాలుగవ చిక్కు అన్నింటికంటె పెద్దది. క్రికెట్టులో ఓవరు ఓవరునకు విరామము కలదు. ఒక కన్ను పొయ్యిమీద నుంచినను కొంత ఆట దక్కును. ఫుట్‌బాలు అట్టిది కాదు. నలుబదియైదు నిమిషములు ఎడతెగక నడచును, నడుమ పావుగంట విరామము, మరల నలుబదియైదు. గోళ్ళు కొలదిగా వచ్చును గనుక, ఏ నిమిషమును విడువరానిదే. ఇంటి ఇల్లాలికి దొరకనిది సరిగా అట్టి తీరికయే. ఆమెకు దినములో ఖాళీ లేదని మేమనము. ఇక్కడ పది నిమిషములు, అక్కడ పావుగంట, మధ్యాహ్నమొక అరగంట, ఏఱుకొనిన బియ్యములో రాళ్ళవలె చెదరియుండును. ఆ ముక్కలన్నియు కూడినచో దినమునకు తొంబది నిమిషములు కావచ్చును. కాని అవి ఒకచోట కలసి రావు.

2022 డిసెంబరు 18న ఖతరులోని లుసైలులో జరిగిన ప్రపంచ కప్పు తుది పోటీని మీలో చాలమంది చూచియుందురు. మనకు రాత్రి 8.30కి మొదలైనది, అనగా రెండవ భాగము సరిగా భోజనముల వేళకు వచ్చినది. అర్జెంటీనా రెండు గోళ్ళు చేసి, ఎనుబదవ నిమిషము వఱకు నిశ్చింతగా నుండెను. అప్పుడు ఫ్రాన్సు ఆటగాడు ఎంబాపె 97 సెకండ్ల లోపల రెండు గోళ్ళు చేసి ఆటను సమానము చేసెను. ఆ 97 సెకండ్లలో మా యింట జరిగినది వినుడు. ఒకరికి మజ్జిగ కావలసివచ్చెను. ఒకరి కంచములో ఉప్పు తక్కువయ్యెను. మేమిద్దఱము వంటింటిలోనికి పోయి వచ్చునప్పటికి లోకము తలక్రిందులైయుండెను. మజ్జిగ అడిగినవారు ఆ రెండు గోళ్ళను కన్నులార చూచిరి. మజ్జిగ తెచ్చినవారికి అవి మరల వేసి చూపిన బొమ్మలుగా మిగిలెను. అదనపు సమయము ముగియునప్పటికి 3-3. పెనాల్టీలలో 4-2 తేడాతో అర్జెంటీనా కప్పు గెలిచినది. ఇటువంటి ఆట తరమునకొకటి వచ్చునో రాదో. మజ్జిగ మాత్రము ప్రతి రాత్రియు నుండును. ఎవరిని నిందించుటకును ఇది వ్రాయలేదు. అడిగినవారికి అడుగుచున్నామను తలంపే లేదు. లేచిన మాకు లేచుచున్నామను తలంపే లేదు. అలవాటు అంత లోతుగా పాతుకొనియున్నది.

ఇంక మా సొంత ఊరి జట్టు సంగతి. 2019లో హైదరాబాదు పేరుతో ఒక క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో చేరినది. గచ్చిబౌలిలోని ఆటస్థలము వారి సొంత మైదానము. ఇంక తెరతో పని లేదు, పోయి చూడవచ్చునని మురిసితిమి. కాని కరోనా వ్యాధి వలన తరువాతి రెండేండ్ల ఆటలను గోవాలోనే జరిపిరి. ఆ రెండవ యేటనే మన జట్టు వన్నెకెక్కినది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో తుది పోటీ. కేరళ బ్లాస్టర్సుతో ఆట 1-1గా నిలువగా, గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీల నాపెను. హైదరాబాదు 3-1 తేడాతో జయించెను. ఊరి పేరు గల జట్టు దేశములో ప్రథమ స్థానము పొందిన రాత్రి, ఆ ఊరివారమైన మేము నాలుగంగుళముల అద్దములో దానిని చూచితిమి. ఆఱేండ్లు నిండిన కొంతకాలమునకే, 2025 అక్టోబరులో, ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు పెట్టుకొనినది. పెండ్లియైన పిల్లకు ఇంటిపేరు మారుట మనమెఱిగినదే. ఆమెకు పుట్టినిల్లైనను నిలిచియుండును. ఇచ్చట పుట్టినిల్లే చిరునామా మార్చుకొనినది. ఆ వార్తయు మాకు ఫోనులోనే, కూర తరుగుచుండగా వచ్చినది.

మన బాలికల జట్టును వెంబడించుట మఱియొక కష్టము. నిజామాబాదు జిల్లాలోని ఒక తండానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టులో ఆడుట, 2022లో క్రొయేషియా దేశపు డినామో జాగ్రెబ్ క్లబ్బులో చేరుట మనకెంత గర్వకారణము! కాని ఇట్టి క్రీడాకారిణుల ఆటలకు బొమ్మ దొరకుటయే అరుదు. ఎన్నోసారులు అంకెలను మాత్రము చూచుచు, ఆటను మనస్సులోనే ఊహించుకొంటిమి. 2022 జనవరిలో ఆసియా మహిళా కప్పు మన దేశముననే జరిగినది. ఇరానుతో మొదటి ఆట 0-0. చైనీస్ తైపేతో రెండవ ఆటకు వేళ సమీపించగా, పలువురు క్రీడాకారిణులకు కరోనా సోకి జట్టును దింపుటకే వీలు లేకపోయినది. మన జట్టు పోటీనుండి తప్పుకొనినట్లు లెక్కింపబడినది. ఆ యేడే ఆగస్టులో అంతర్జాతీయ సమాఖ్య మన దేశపు సమాఖ్యను కొన్ని దినములు సస్పెండు చేసెను. అప్పటికే కేరళకు చెందిన గోకులం మహిళా జట్టు ఆసియా క్లబ్బుల పోటీకై ఉజ్బెకిస్తానులోని తాష్కెంటు చేరియుండెను. పెద్దల వ్యవహారమునకు ఆ పిల్లలు బంతి ముట్టకయే తిరిగి రావలసివచ్చినది. ఫలితముల పట్టికలో ఆ ఆట యెదుట ఏ యంకెయు లేదు. ఓటమి యైన ఏడ్చి ఊరకుందుము. ఆ ఖాళీ గడిని చూచి ఏమనుకొనవలెనో తెలియలేదు.

అయినను 2025 జులై 5న థాయిలాండులోని చియాంగ్ మైలో ఆ దేశపు జట్టునే 2-1 తేడాతో ఓడించి, మన మహిళలు అర్హత పోటీలలో గెలిచి ఆసియా కప్పులో స్థానము సంపాదించిరి. రెండు గోళ్ళును సంగీతా బస్‌ఫోర్‌వి. ఆ రాత్రి మా యింట పాయసము వండితిమి. ఎందుకని మా అత్తగారు అడిగిరి. చెప్పగా, ‘మన పిల్లలే? అంత దూరము పోయియే?’ అని రెండవ గిన్నె అడిగి పుచ్చుకొనిరి.

ఆడుదానికి ఈ ఆట దూరమగుట క్రొత్త కాదు. ఇంగ్లండులో 1920 డిసెంబరు 26న ప్రెస్టన్ పట్టణపు ఫ్యాక్టరీ పనికత్తెల జట్టు ఆట చూచుటకు లివర్‌పూల్ నగరములోని గుడిసన్ పార్కునకు 53,000 మంది వచ్చిరి. మఱుసటి యేడు డిసెంబరులో అక్కడి ఫుట్‌బాలు సంఘము, ఈ ఆట స్త్రీలకు తగదని పలికి, తన క్లబ్బుల మైదానములలో వారిని ఆడనీయరాదని నిషేధించెను. ఆ నిషేధము సుమారు ఏబది యేండ్లు నిలిచినది. ఇరానులో స్త్రీలు ఆటస్థలమునకు పోవుటకే దశాబ్దముల తరబడి అడ్డంకి యుండెను. మగవేషముతో పోయి పట్టుబడిన ఒక యువతి, చెఱసాల తప్పదను భయముతో నిప్పంటించుకొని 2019 సెప్టెంబరులో మరణించెను. ఆ మఱుసటి నెల 10వ తేదీన టెహరానులోని ఆజాదీ ఆటస్థలమున కొన్ని వేలమంది స్త్రీలు టిక్కెట్టు కొని కూర్చుండి, తమ జట్టు కంబోడియాను 14-0 తేడాతో ఓడించుటను చూచిరి. ఆజాదీ యనగా స్వాతంత్ర్యము. వారి కష్టముతో మా చిక్కులను పోల్చుట తగదు. మమ్ము ఏ తలుపును ఆపలేదు. మా కాలికి ఏ సంకెలయు లేదు. కాని తలుపు తెఱచియున్నను, కూర్చుండుటకు తీరిక లేనివారు లోపలికి పోయినట్లెట్లగును?

ఈ యాలోచనలన్నియు చేసి, మేము ముగ్గురము కొన్ని యేర్పాట్లు చేసికొంటిమి. పనికివచ్చునేమో యని సోదరీమణులకు చెప్పుచున్నాము. ఆట చూచునప్పుడు ఫలితములు తెలుపు నోటిఫికేషనులను ఫోనులో మూసివేయుదుము. అర్ధరాత్రి ఆటను మేలుకొని చూడము. మఱునాడు పనులు తీఱిన పిమ్మట పూర్తి ఆటను వేసికొని చూతుము. అంతవఱకు ఫలితమును ఎవరును నోటివెంట రానీయరాదని ఇంటివారందఱితోను ఒప్పందము. మగవారు మొదట నవ్విరి. ఇప్పుడు వారే దానిని శ్రద్ధగా పాటించుచున్నారు. వారమునకు ఒక్క ఆట చాలునని నిర్ణయించుకొంటిమి. పది ఆటల అంకెలు తెలియుటకంటె ఒక్క ఆట మొదలునుండి తుదివఱకు చూచుట మేలు. ఆ తొంబది నిమిషములు పొయ్యి ఆర్పియుండును. మజ్జిగ కుండ బల్లమీద నుండును, ఉప్పు దాని ప్రక్కన నుండును. కావలసినవారు తామే తీసికొందురు. మొదటి వారము ఇది కొంత ఎబ్బెట్టుగా నుండినది. మూడవ వారమునకు కుండలోని గరిటె అందఱి చేతికిని అలవాటైనది.

2023 ఆగస్టు 20న సిడ్నీలో మహిళల ప్రపంచ కప్పు తుది పోటీ జరిగినది. మనకు ఆదివారము, మధ్యాహ్నము 3.30. భోజనపు గిన్నెలకును, సాయంకాలపు కాఫీకిని నడుమ ఇంత అనుకూలమైన వేళ మాకు మఱెన్నడును దొరకలేదు. స్పెయిను 1-0 తేడాతో ఇంగ్లండును గెలిచినది. ఆ గోలు చేసిన ఓల్గా కార్మోనా తండ్రి రెండు దినముల ముందే మరణించియుండెను. ఆట ముగిసిన పిమ్మట గాని ఆమెకు ఆ సంగతి తెలియలేదు. వార్తలన్నియు ముందుగా పరుగెత్తి వచ్చు ఈ కాలమున, ఆమెవారు ఆ ఒక్క వార్తను ఆట ముగియువఱకు ఆపి, ఆ తొంబది నిమిషములను ఆమెకు అఖండముగా ఇచ్చిరి. దానిని గూర్చి మేము చాలసేపు మాటలాడుకొంటిమి. చెప్పవలసినదని ఒకరము, చెప్పకుండుటయే దయయని ఒకరము వాదించితిమి. కాని ఒక పని నడుమ మనిషిని కదల్పరాదను గౌరవము ఎంత గొప్పదో మాత్రము ముగ్గురమును ఒప్పుకొంటిమి.

సోదరీమణులారా, మీకు ఫుట్‌బాలు రుచింపకపోవచ్చును. మీ యిష్టము సంగీతము కావచ్చును, పుస్తకము కావచ్చును, కుట్టుపని కావచ్చును, ఏమియు చేయక డాబామీద కూర్చుండుట కావచ్చును. ఏదైనను దానికి తుంచని, అతుకులు లేని కొంత కాలము కావలెను. అంతర్జాలము మనకు లోకమంతయు చూపగలదు. చూచుటకు తీరిక మాత్రము అది తెచ్చి యీయలేదు. దానిని ఇంటివారు ఈయవలెను, మనము అడిగి తీసికొనవలెను. మీ ఊరి పాఠశాల మైదానములో ఆడపిల్లలు బంతి ఆడుచున్న సాయంకాలము ఒకసారి పోయి చూడుడు. అక్కడ ఆలస్యము లేదు, తిరుగుడు చుక్క లేదు. బంతి తన్నిన చప్పుడు తన్నిన క్షణముననే వినబడును. ఆట ముగియువఱకు లేవకుడు. మీరు చూచుచున్నారని ఆ పిల్లలకు తెలియును.